కుట్టు పడిన ఎడమ చెప్పు

ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. వీధి మొత్తానికి చప్పుళ్లాయన. సినిమాలో మనిషి నడిచినా, తలుపు పడినా, పిట్ట ఎగిరినా వినిపించే చప్పుళ్లు చాలావరకు షూటింగులో పుట్టవు. తరవాత ఎవరో ఒకరు మూసిన గదిలో నిలబడి, తెర మీది బొమ్మను చూస్తూ పుట్టించాలి. ఆ ఎవరో ఒకరు ఆయన. పాత గొడుగును టపటపా తెరిచి మూస్తే పావురాల గుంపు లేచిపోయేది. తోలుసంచిలో పిండి పోసి పిసికితే మంచులో మనిషి నడిచేవాడు. "ఇంట్లో ఉంటే నోట్లో నాలుక లేనట్టుంటారు. పనిలోకి దిగితే ఒళ్లంతా నోరే" అనేది భార్య.

స్టూడియో ఆయన బావమరిదిది. అంతకుముందు అది రొట్టెల బట్టీ. గోడలు ఎంత మందమంటే, వీధిలో లారీ పోయినా లోపలికి వినపడదు. ఎండలు ముదిరితే మాత్రం ఆ గోడల్లోంచి ఇంకా మాడిన పిండి వాసన వచ్చేది. నేల మీద వరసగా చెక్క తొట్లు: కంకర, ఇసుక, ఎండుటాకులు, రాతి పలక. గోడ పొడుగునా కొక్కేలకు రకరకాల బూట్లు, చెప్పులు. అన్నిటికంటే కింది కొక్కేనికి ఆయన భార్యవి, పెళ్లయిన కొత్తలో కొన్న జత. ఎడమ చెప్పు పట్టీ తెగితే ఆయనే కుట్టాడు. కుట్టు కాస్త వదులుగా పడింది. అడుగు వేస్తే మడమ ఒక్క లిప్త ఆలస్యంగా నేలకు తగిలి 'టప్' మనేది.

ఆయనవి చిన్న పాదాలు. ఏ సినిమాలో ఆడమనిషి నడవాల్సి వచ్చినా ఆ చెప్పుల్లోనే దూరేవాడు. ఆవిడ సినిమాకు వెళ్లిందంటే కథ పట్టేది కాదు, చెవులు రిక్కించి కూర్చునేది. మహారాణి మెట్లు దిగుతుంటే పక్కావిడను మోచేత్తో పొడిచేది. "నేనే! కిరీటం ఆవిడది, నడక నాది."

కొన్నాళ్లకు పనులు తగ్గాయి. పెద్ద స్టూడియోలున్న మహానగరాలకే సినిమావాళ్లందరూ పోతున్నారు. అప్పుడు ప్రాంతీయ ప్రభుత్వం కొత్త కబురు చెప్పింది. సినిమా, సంగీతం, పరిశోధన లాంటి పనుల మీద ఇక్కడ ఖర్చు పెడితే పన్నులో రాయితీ. అలాంటి చోట పెట్టుబడి పెట్టే స్థానికులకూ రాయితీ. షరతు ఒక్కటే: పని ఇక్కడే, ఇక్కడివాళ్ల చేతుల మీదుగా జరగాలి.

"నాది చేతుల మీద జరిగే పని కాదురా, కాళ్ల మీద" అన్నాడు ఆయన.

"కాళ్లకీ వర్తిస్తుందిలే బావా" అని నవ్వాడు బావమరిది.

మందుల షాపాయన, ఎదురింటి దర్జీ, ఇంకో నలుగురు కూడబలుక్కుని స్టూడియోలో వాటాలు తీసుకున్నారు. గోడలకు కొత్త రంగు పడింది. రాయితీ కోసమే వెతుక్కుంటూ ఒక పెద్ద సినిమా వచ్చింది. భర్త పోయిన ఒకావిడ ఊళ్లు పట్టుకుని నడుస్తూ పోయే కథ. మొదటినుంచి చివరిదాకా నడకే. గడువేమో కొంచెం.

అదే సమయానికి ఆయన కుడి మోకాలు మొరాయించింది. కంకర తొట్టిలో నాలుగు అడుగులు వేసేసరికి కళ్లలో నీళ్లు తిరిగేవి. భార్యకు చెప్పలేదు. చెబితే పని మానమంటుంది.

"బావా, ఒక మాట చెప్తాను, కోప్పడకు" అన్నాడు బావమరిది, రికార్డింగు యంత్రం ముందునుంచి లేవకుండానే. "అడుగుల చప్పుళ్లు రెడీమేడుగా అమ్ముతారు. ఎక్కడో విదేశంలో ఎవరో నడిచిపెట్టారు. తెచ్చి అతికించేద్దాం."

"ఇక్కడ చేసిన పనే అని రాసిచ్చాం కదరా?"

"అడుగులు అడుగులే బావా. ఎవడు వింటాడు?"

ఆయన మోకాలు పట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు. కాదనలేదు. అవుననీ అనలేదు. బావమరిది ఆ మౌనాన్ని తనకు కావలసినట్టు తీసుకున్నాడు.

రాయితీ ఇచ్చే ముందు పని చూడటానికి పన్నుల ఆఫీసు నుంచి ఒక అధికారిణి వచ్చింది. నిక్కచ్చి మనిషని పేరు. "ఎలా చేస్తారో ఒకసారి చూడొచ్చాండీ?" అంది. ఆయన కొక్కెం మీది చెప్పులు తీసి తొడుక్కున్నాడు. తెర మీద ఆవిడ కంకర దారిలో నడుస్తుంటే పళ్లు బిగబట్టి వెంట నడిచాడు. టప్, టప్. తెర మీద ఆవిడ ఆగితే ఆగాడు, తడబడితే తడబడ్డాడు. అధికారిణి నోరు తెరుచుకుని చూసి, పిల్లలా చప్పట్లు కొట్టింది. కాఫీ ఇవ్వడానికి వచ్చిన భార్య గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె మొహం వెలిగిపోతోంది. ఆయన తల వంచుకుని చెప్పులు విప్పాడు. ఆ నడకలో ఒక్క అడుగు కూడా సినిమాలో లేదు. రాయితీ మంజూరైంది.

విడుదలకు ముందు ఊళ్లోవాళ్ల కోసం ఒక ఆట వేశారు. వాటాదారులంతా ముందు వరసలో కూర్చున్నారు. భార్య కొత్త బట్టలు కట్టుకుని ఆయన పక్కన కూర్చుంది. తెర మీద ఆవిడ మొదటి అడుగు వేసింది. భార్య మోచెయ్యి లేచి, గాల్లోనే ఆగింది. రెండో అడుగు, మూడో అడుగు. శుభ్రమైన, నిండైన, ఎవరివో అడుగులు. మోచెయ్యి మెల్లగా దిగి ఒళ్లోకి చేరింది. ఆట పూర్తయ్యేదాకా ఆమె ఆయన వైపు తిరగలేదు. చీకట్లో ఆయనకు చెవుల దాకా వేడి కమ్మింది.

బయటికి రాగానే మందుల షాపాయన ఎదురొచ్చాడు, వెనకే అధికారిణి.

"ఏం చెల్లెమ్మా! రాణీగారి నడకే కదా? ఎన్ని ఊళ్లు తిరిగినా మన చెప్పులే!"

"ఆ చెప్పులు మీవేనా అండీ?" అంది అధికారిణి ఆసక్తిగా.

ఆయన నోరు తెరవబోయాడు. అబద్ధానికో, నిజానికో ఆయనకే తెలియదు. ఈలోగా భార్య నవ్వింది.

"అవునన్నయ్యా, నావే. మా ఆయన కుట్టినవి. ఇంకెవరివైతే ఆ టప్ వస్తుంది చెప్పండి?"

పెళ్లయినప్పటినుంచి ఆమె ఆయన ముందు అబద్ధం ఆడగా ఆయన వినలేదు. ఇద్దరూ నడిచే ఇంటికి వచ్చారు. దారిలో ఆమె ఒక్క మాటే అంది. "మోకాలు నొప్పిగా ఉందని నాతో చెప్పొచ్చు కదండీ." తిట్టినా బాగుండుననిపించింది ఆయనకు.

మర్నాడు పొద్దున్నే బావమరిదిని యంత్రం ముందు కూర్చోబెట్టాడు.

"ఆ అడుగులన్నీ పీకెయ్. నేను నడుస్తాను."

"మంజూరైపోయింది బావా! ఇప్పుడెందుకు కాళ్లు విరగ్గొట్టుకోవడం?"

"మీ అక్క చేత అబద్ధం ఆడించాను రా."

బావమరిది యంత్రం వైపు తిరిగి అడుగులు పీకడం మొదలుపెట్టాడు. ఆయన మోకాలికి గుడ్డ బిగించి కట్టుకుని నడిచాడు. నడవలేనప్పుడు కుర్చీలో కూర్చుని చెప్పులు చేతులకు తొడుక్కుని రాతి పలక మీద నడిపించాడు. భార్య గది బయట కూర్చుని కాపడానికి నీళ్లు కాచి ఇచ్చేది. లోపలికి రమ్మంటే వచ్చేది కాదు. విడుదలైన సినిమాలో ప్రతి అడుగూ ఆ చెప్పులదే.

"ఇప్పుడు నిజమైపోయిందిగా బావా" అన్నాడు బావమరిది.

"పని నిజమైంది. ఆ రోజు మీ అక్క అన్న మాటో?"

అధికారిణికి చెప్పేద్దామని ఒకసారి ఆఫీసుదాకా వెళ్లాడు కూడా. ఆవిడ కుర్చీలోంచి లేచి ఎదురొచ్చింది. "మీ నడక మా పిల్లలకి చేసి చూపించానండీ. నాకు రాలేదు, పడ్డాను!" అని నవ్వింది. పక్క బల్లల వాళ్లూ నవ్వారు. నిజం చెబితే మందుల షాపు, దర్జీ, బావమరిది, అందరూ వీధిన పడతారు. చెప్పకపోతే ఆ బరువు మోసేది తానొక్కడే. ఆయన కూడా నవ్వి, మంచినీళ్లు తాగి వచ్చేశాడు.

తరవాత భార్య ఆ సినిమాకు వెళ్లలేదు. ఆయనా అడగలేదు. నాలుగేళ్లకు ఆమె పోయింది. ఆమె వస్తువులన్నీ ఎవరికి చెందాల్సినవి వాళ్లకు ఇచ్చేశాడు గానీ చెప్పులు మాత్రం కింది కొక్కేనికే ఉంచాడు. మళ్లీ తొడుక్కోలేదు. ఆడవాళ్ల నడకకు వేరే జత కొన్నాడు.

ఆ సినిమా అప్పుడప్పుడు టీవీలో వచ్చేది. "మామయ్యా, నీ సినిమా!" అని బావమరిది కూతురు కేకేసేది. ఆయన వచ్చి కూర్చునేవాడు. తెర మీద ఆవిడ మొదటి అడుగు ఎత్తగానే, అది నేలకు తగిలేలోపు, రిమోటు అందుకుని శబ్దం పూర్తిగా తీసేసేవాడు. మేనకోడలు మొదట్లో పోట్లాడింది. తరవాత అలవాటుపడింది. ఆ సినిమా ఒక్కటీ చప్పుళ్లాయన ఇంట్లో చప్పుడు లేకుండా నడిచేది. ఆయన చివరిదాకా చూసేవాడు, ఒక మోచెయ్యి పక్క కుర్చీ మీద ఆనించి.