జింక వెంట్రుకల్లో రెండు సుడులు

దేవన్న మనుషుల్ని ముఖం చూసి కాదు, వెనక నుంచి చూసి గుర్తుపడతాడు. సౌదీలోని జుబైల్‌లో కూలీల క్యాంపు గేటు పక్కన కటింగ్ షాపు నడిపేది అతనే. ఎవరికి సుడి ఎటు తిరుగుతుందో, ఎవరి తలలో మచ్చ ఎక్కడుందో అతనికి కంఠతా వచ్చు. జగిత్యాల దగ్గరి పల్లెలో పెళ్లికీ చావుకీ కత్తి పట్టిన ఇంట్లో పుట్టినవాడు. ఆ విద్యకు గల్ఫయితేనేం, ఊరయితేనేం!

జింక వెంట్రుకలు అతని చేతికి వచ్చింది రామప్రసాద్ వల్ల. కాకినాడ మనిషి, ప్లాంటులో ఇంజనీరు, చేపల పిచ్చోడు. శుక్రవారం వస్తే చాలు, గాలం భుజాన వేసుకుని సముద్రం ఒడ్డుకు పోతాడు. ఆ గాలానికి వానపాము పనికిరాదట, ఈగ కావాలట. నిజం ఈగ కూడా కాదు, జింక వెంట్రుకలతో కట్టి నీళ్ల మీద తేలించే బొచ్చు ఈగ. తను కట్టినవన్నీ చీపురుకట్టల్లా తయారవుతున్నాయని ఒకనాడు సరంజామా అంతా తెచ్చి దేవన్న ముందు పోశాడు.

"కత్తెర పట్టిన చెయ్యి నీది. ఒక్కటి చేసి పెట్టవయ్యా దేవన్నా, పుణ్యముంటుంది," అన్నాడు.

పని చూడటానికి చిన్నదే. కొక్కేన్ని పట్టకారులో బిగించి, తోలు ముక్క మీంచి చిటికెడు వెంట్రుకలు కోసి, అడుగున ఉండే నూగును దువ్వి తీసేయాలి. వాటిని కొక్కెం మీద ఆనించి దారం వదులుగా రెండు చుట్లు వేసి లాగితే, అవి ఒక్కసారిగా విచ్చుకుని కొక్కెం చుట్టూ తిరిగిపోతాయి. వేళ్లతో వెనక్కి నొక్కి, వాటి ముందు ఇంకో చిటికెడు. అలా దట్టంగా నిండాక బ్లేడుతో చెక్కి రూపం తేవాలి. జింక వెంట్రుక లోపల బోలుగా ఉంటుంది కాబట్టి మునగదు. బతికున్న తల కదులుతుంది, దగ్గుతుంది, ఫోన్లో పెళ్లాంతో పోట్లాడుతుంది. ఈ తల మాట్లాడకుండా కూర్చుంటుంది. దేవన్నకు ప్రాణం లేచొచ్చింది.

మొదటి ఈగకు వెనకవైపు ఒక గీత మీద వెంట్రుకలు నిలవలేదు. ఎంత నింపినా అక్కడ పలచగానే ఉండిపోయింది. అలాంటి గీత క్యాంపులో ఒకే ఒక్క తలకు ఉంది, వెల్డర్ మల్లేశానికి, చిన్నప్పుడు ఎద్దు కుమ్మిన చోట. దేవన్న పిలిచి చూపిస్తే ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. ఆ శుక్రవారం ఏదో పెద్ద చేప దారం తెంపుకుని ఈగను లోపలికి లాక్కుపోయింది. మర్నాడు మల్లేశం మంచం మీంచి లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. గల్ఫులో అలా పోయేవాళ్లు కొత్త కాదు గనుక ఎవరూ ఆశ్చర్యపోలేదు. దేవన్నకు మాత్రం అన్నం సహించలేదు.

రామప్రసాద్ ఇంకోటి కావాలని వెంటపడ్డాడు. కాదనలేక ఒక గురువారం మధ్యాహ్నం, షాపు ఖాళీగా ఉన్నప్పుడు దేవన్న కూర్చున్నాడు. ఈగ పొట్ట చదునుగా కోశాడు, పక్కలు గుండ్రంగా తీశాడు, తిప్పి చూశాడు. వెనక రెండు సుడులు ఉన్నాయి. దువ్వాడు. వెంట్రుకలు నిటారుగా లేచాయి, అతను చూస్తుండగానే మళ్లీ మెల్లగా తిరిగాయి, ఒకటి కుడికీ ఒకటి ఎడమకీ.

అది నాగేందర్ తల. 'రెండు పెండ్లిళ్లయితయ్ రా నీకు' అని కటింగుకు కూర్చున్నప్పుడల్లా దేవన్న ఏడిపించే తల. నాగేందర్ ఫిట్టరు, పక్క ఊరివాడు, దేవన్న గదిలోనే ఉంటాడు, తమ్ముడిలాంటివాడు. ఆ పొద్దునే, ప్లాంటు ఆపి చేసే షట్‌డౌన్ పనికని ట్యాంకులో దిగడానికి పోయాడు. దేవన్న ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ప్లాంటు గేటు దగ్గర ఫోన్లు తీసి పెట్టుకుంటారు మరి.

ఈ ఈగ నీళ్లలోకి పోతే నాగేందర్ పోతాడు. దేవన్నకు అంతే అర్థమైంది. ఇవ్వకూడదు, పారేయడానికీ భయమే. కత్తి పట్టే ఇంట పుట్టినవాడికి తోచేదే అతనికీ తోచింది. వేములవాడ వైపు తిరిగి చేతులెత్తాడు.

"రాజన్నా, ఈ తలెంట్కలు నీకే ఇస్తున్న. పిల్లగాన్ని నాకిడిసిపెట్టు."

మొక్కు గుండంటే ఒక్క వెంట్రుక మిగలకూడదు. కొత్త బ్లేడు తీసి ముందువైపు నుంచి మొదలుపెట్టాడు. బయట మసీదులో అసర్ బాంగు, సాయంత్రం నమాజు పిలుపు, వినిపించింది. కళ్లలో నీళ్లు అడ్డం పడుతున్నా చేయి తన పని తాను చేసుకుపోయింది, తనంతట తానే ఆగింది. దేవన్న కళ్లు తుడుచుకుని చూశాడు. కొక్కెమంతా నున్నగా ఉంది. వెనక మాత్రం చిన్న పిలక మిగిలింది.

మొక్కు గుండుకు పిలక ఉంచరు. తండ్రి పోయిన కొడుక్కి ఉంచుతారు. ఊళ్లో ఎందరు కొడుకులకో అలా గీసిన చేయి, చెప్పకుండానే ఆ పని చేసింది. కోసేద్దామని బ్లేడు ఎత్తాడు గానీ ధైర్యం చాలలేదు.

పొద్దు వాలే వేళకు కంపెనీ బస్సు వచ్చింది. తలుపు తోసుకుని నాగేందర్ లోపలికి వచ్చాడు, ఒంటి నిండా దుమ్ముతో, చెక్కుచెదరకుండా. దేవన్న పట్టరాని సంతోషంతో అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బతికచ్చినవా తమ్మీ!"

"బాపు పోయిండన్నా," అన్నాడు నాగేందర్.

దేవన్న చేతులు జారిపోయాయి.

"గేటు కాడ ఫోన్ తీస్కోంగనే ఇంటికెల్లి చెప్పిండ్రు. మంచిగనే ఉండెనంట. కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండంట, ఈడ అసర్ యాళ్లకు. దస్కతు వెట్టే కఫీల్ ఊళ్లె లేడు, ఇంటికి పోయచ్చే ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా ఇప్పట్ల కాదంటున్నరు. తమ్ముడే నిప్పు వెడ్తడు. నాకు నువ్వే గుండు గియ్యి."

అని వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. దేవన్న అతని తల తడిపాడు. నాగేందర్ చెంపల మీంచి కారేది ఆ నీళ్లో కన్నీళ్లో తెలియలేదు. కత్తి ముందువైపు ఆనించాడు.

"పిలక ఉంచుడు మర్వకన్నా."

"మర్వ."

ముసలాయన ముందు పోయాడా, తన బ్లేడు ముందు లేచిందా? ఏ నిమిషానికి పోయాడో నాగేందర్‌ను అడిగితే చెబుతాడు. అడగడానికి దేవన్నకు నోరు రాలేదు, ఈనాటి వరకూ రాలేదు.