కోయని మడతలు

ఆఫీసు పని మీద బహ్రెయిన్ వెళ్లినప్పుడు, జల్లాఖ్ సముద్రపు ఒడ్డున ఒక పొగమంచు ఉదయం, హోటలు ఆరుబయట టిఫిను చేస్తుంటే పక్క బల్ల దగ్గర ఫ్రెంచి పెద్దావిడ పరిచయమైంది. ఆవిడ చూడమని ఇచ్చిన పుస్తకంలో మొదటి కాగితాలే విడిగా ఉన్నాయి. మిగతావన్నీ అంచు కోయని మడతలు.

"బైండింగు చెడిందండీ," అన్నాను, ఏదో తెలిసినట్టు.

ఆవిడ నవ్వింది. "మా పాత పుస్తకాలు ఇంతే. చదివేవాళ్లే కోసుకోవాలి. మా నాన్న ప్రచురణాలయం కేటలాగులో ఇదే చివరిది. తర్వాత అది మూతపడింది. ఒక మడత మీరు కోయండి."

వెన్న రాసే కత్తితో మెల్లగా కోశాను. పాత కాగితం వాసన మంచులో కలిసింది. రెండోదానికి చెయ్యి పెట్టబోతే ఆపింది.

"వెళ్లిన ఊరికొక మడతే కోయిస్తాను. అన్నీ తెరిస్తే మా నాన్న ప్రచురణాలయం నిజంగానే మూతపడుతుంది."