రెండు చేతులూ పట్టే తెర

మా అక్కకు పుట్టుకతోనే వినపడదు. మాటలు రాలేదు. బడికి పంపాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. అందుకని మా ఇంట్లోనే ఒక చేతుల భాష పుట్టింది. అమ్మ, అక్క, నేను కలిసి దాన్ని పెంచుకున్నాం. ముక్కుపుడక ముట్టుకుంటే అమ్మ. మీసం మెలేస్తే అన్న. గడ్డం కింద గీత గీస్తే నేను, నాకక్కడ చిన్నప్పటి కుట్ల మచ్చ ఉంది. చీనీకాయకు, అదే బత్తాయికి, ఒక గుర్తు, పుచ్చిపోయిన కాయకు ఇంకొకటి, పుచ్చిన కాయల్ని మంచివాటిలో కలిపి అమ్మే మనిషికి మరొకటి. అక్క చేతుల్లో వెటకారం కూడా పలుకుతుంది. బయటివాళ్లు దాన్ని సైగలు అంటారు. ఆ మాట వింటే నాకు మంట. సైగ అంటే బస్సు ఆపడానికి చేసేది.

అమ్మ పోయింది. నేను పెళ్లయి జమ్మలమడుగు వచ్చాను. ఇక్కడొక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. అక్క మాత్రం పులివెందుల దగ్గర అన్న ఇంట్లోనే ఉండి, చీనీ తోటలో పని చేస్తోంది. మా ఇద్దరికీ వీడియో కాలే దిక్కు. కానీ ఫోను ఒక చేత్తో పట్టుకోవాలి, అప్పుడు మాట్లాడటానికి మిగిలేది ఒక చెయ్యే. సగం మాట అక్కడే పోతుంది. చెంబుకు ఆనిస్తే జారిపోయేది. ముఖం కనిపిస్తే చేతులు కనిపించవు, చేతులు కనిపిస్తే ముఖం ఉండదు. ముఖం లేకపోతే ఆమెది కోపమో నవ్వో తెలియదు. దాంతో మా మాటలు తిన్నావా, తిన్నాను, బాగున్నావా, బాగున్నాను దగ్గరే ఆగిపోయాయి.

ట్యాబ్ కొనాలనుకున్నాను. ఖరీదైనది నా వల్ల కాదు. చవకరకం సరిపోతుందో లేదో తెలియదు. మధ్యరకానిదైతే నా నెల జీతమంతా పోతుంది. అంత పెట్టొచ్చా అని స్టాఫ్ రూములో అడిగితే, సినిమాలు చూసుకోవడానికి ఏదైనా ఒకటే అన్నారు. చివరికి అన్నకు ఫోన్ చేశాను.

"దానికేంటికి మ్మే ట్యాబు? మాటే రాదు కదా," అన్నాడు.

"వస్తాది. నీకే తెలీదు."

"నీకు దుడ్లు ఎక్కువైనట్టుండాయి. ఇంట్లో అంత పెద్ద టీవీ ఉండాది, చూసుకుంటాది పో."

అక్కతో ఒకే కంచంలో తిని పెరిగినవాడి మాట ఇది.

ఆ ఆదివారం అక్కను నేరుగా ప్రొద్దుటూరుకు రమ్మన్నాను. ఆమె వాడే వస్తువు ఆమే చూసి తీసుకోవాలి. బస్టాండులో కలుసుకుని ఒక పెద్ద షాపుకు వెళ్లాం. అక్కడ అమ్మేవాడొకడు మూడు రకాలు ముందు పెట్టి, మధ్యదాన్ని నా వైపు తోశాడు.

"ఇది తీసుకోండి మేడమ్. సౌండ్ అదిరిపోతాది. నాలుగు స్పీకర్లు."

"మా అక్కకు వినపడదు."

"పక్కనోళ్లు వింటారు కదా మేడమ్!"

ఈ మాటకు నవ్వినవాళ్లు కూడా ఉన్నారు. నేను నవ్వలేదు. "మా అక్క చేతుల్తో మాట్లాడతాది. చేతులు బిరబిరా కదిలితే తెర మీద వేళ్లు విడివిడిగా కనపడతాయా? అది చెప్పు," అన్నాను.

అతను అట్టపెట్టె తిప్పి చూశాడు. దానిమీద ఆటల గురించి ఉంది, బ్యాటరీ గురించి ఉంది, మనిషి చేతుల గురించి ఒక్క ముక్క లేదు. "అట్ల ఎవరూ అడగలేదు మేడమ్," అన్నాడు.

"అయితే ఇక్కడే రెండిట్లో కాల్ చేసి చూస్తాం."

"చూపించే పీసుల్లో కాల్స్ చేయనీరు. కొన్నాక ఇంటికాడ చేసుకోండి."

"ఈ ఊళ్లో చీర మడత విప్పి చూపించకుండా ఎవరైనా అమ్ముతారా?" నా గొంతు లేచింది. "నెల జీతం పెట్టి కొని, ఇంటికి పోయినాక కనపడకపోతే నువ్వు వాపసు తీసుకుంటావా?"

అతను అట్టపెట్టె పక్కకు జరిపాడు. ఏమంటున్నాడని అక్క నన్ను అడిగింది. నేను చెబుతుండగా కౌంటర్ వెనకనున్న ఇంకొకడు అక్క చేతుల్ని వెక్కిరిస్తూ తన చేతులు గాల్లో ఊపాడు, పక్కవాడు పగలబడి నవ్వాడు. అక్క చూసింది. నేరుగా వాడి ముందుకెళ్లి నిలబడి, తొందరపడకుండా చెప్పాల్సింది చెప్పింది. తర్వాత నా భుజం తట్టి వాణ్ణి చూపించింది, చెప్పు అని.

"ఏమంటాందో చెప్తా విను," అన్నాను. "నీకు నోరుండాది, చెవులుండాయి. వచ్చినప్పటి నుంచి ఒక్క పనికొచ్చే మాట వచ్చిందా నీ నోట్లో నుంచి, అంటాంది."

అక్క ఇంకొకటి కూడా అంది. అది షాపులో చెప్పే మాట కాదు, నేను మింగేశాను.

గొడవ విని లోపలి నుంచి యజమాని వచ్చాడు. "ఏందప్పా ఇది?" అని అడిగి, విషయం విని, మూడూ ఆన్ చేసి ఇమ్మని చెప్పాడు. నాతో మాత్రం "పిల్లోల్లు మేడమ్, పట్టించుకోవద్దండి," అన్నాడు. గడ్డం పెరిగిన మగాడు పిల్లోడట. దానికీ నాకు ఒళ్లు మండింది, కానీ వచ్చిన పని కాలేదని ఊరుకున్నాను.

అక్క ఒకటి బల్ల మీద ఆనించి పెట్టుకుని వాకిలి దగ్గర, నేను ఇంకొకటి పట్టుకుని లోపలి మూల నిలబడ్డాం. ముందు అక్క దగ్గర చవకది. అక్క నిదానంగా చెప్పినంతసేపూ బాగానే ఉంది. కోపంగా మాట్లాడు అన్నాను. ఆ వెక్కిరించినవాడి గురించి మొదలుపెట్టింది. అంతే, తెర మీద ఆమె చేతులు రెండు పొగమేఘాలయ్యాయి. నాకు ఒక్క మాట అందలేదు. కోపం వస్తే అర్థం కాని వస్తువు మా అక్కకు దేనికి? తర్వాత మధ్యది. కవర్ స్టాండు మీద అడ్డంగా నిలబెడితే ఆ మోచేతి నుంచి ఈ మోచేతి దాకా, మధ్యలో ముఖంతో సహా పట్టింది. వేళ్లు దేనికది విడిగా ఉన్నాయి. అక్క పడుకునే వెనక గదిలో ఒకటే బల్బు. అందుకని అక్కను నేనున్న చోటికి మార్చి, ఆ మూల లైట్లు తీయించాను. బొమ్మ కాస్త మసకబడింది, మాట మాత్రం పోలేదు. ఖరీదైనదానిలో రంగులు బాగున్నాయి, మా పనికి తేడా ఏమీ లేదు. అక్క మధ్యదాని మీద చెయ్యి పెట్టి తలూపింది. అదే కొని ఆమెకిచ్చి పంపాను.

కొన్ని రోజులు రోజూ మాట్లాడుకున్నాం. తర్వాత అక్క నుంచి కాల్ ఆగిపోయింది. నేను చేస్తే వదిన తీసింది. "ట్యాబు శానా బాగుండాది మ్మే, సీరియల్ చూస్తాండా, మళ్లీ చేయ్," అని పెట్టేసింది. ఇంకోసారి అన్న తీశాడు, మార్కెట్ రేట్లు చూస్తున్నాడట. ఇంట్లో వస్తువు అందరిదీ కదా అన్నాడు. ఆదివారం పులివెందుల వెళ్లి అడిగేద్దామని పళ్లు నూరుకుంటూ ఉన్నాను.

ఆదివారం కంటే ముందే ఒక సాయంత్రం అక్క కాల్ చేసింది. ట్యాబ్ హాల్లో బల్ల మీద ఉంది. అక్క దాని ముందు నిలబడి ఉంది. ఆమె వెనక అన్న, చీనీకాయలు కొనే వ్యాపారులు టీ తాగుతూ కూర్చున్నారు. నేను చెప్పేది వాళ్లకు చెప్పు, గట్టిగా, అంది అక్క.

"అన్నా, అక్క మాట్లాడతాంది, నేను చెప్తాండా. విను."

"మనుషులుండారు, తర్వాత చేయ్ మ్మే."

అక్క ఆగలేదు. కాబట్టి నేనూ ఆగలేదు. "ఈ ట్యాబు నాది, నన్నడక్కుండా ఎవరూ తీయొద్దు, అంటాంది."

వ్యాపారులు ఇటు తిరిగారు. అక్క చేతులు ఇంకా వేగమయ్యాయి. అంత వేగంలోనూ ఒక్క మాట తప్పిపోలేదు నాకు.

"అమ్మ పోయినాక నువ్వు నాతో మాట్లాడేది రా, పో, తిను, గంప ఎత్తు, ఇంతే. చిన్నప్పుడు నీకు మన చేతుల మాటలన్నీ వచ్చు. యాడ పోగొట్టుకున్నావు, అంటాంది."

ఒకాయన గ్లాసు కింద పెట్టాడు. అన్న అరచెయ్యి ఎత్తి చూపించాడు, ఇంక చాలు అని. అక్క వెనక్కి తిరిగి అది చూసి, నా వైపు తిరిగి అంది: ఇదొకటి కొత్తగా నేర్చుకున్నాడు.

వాళ్లు వెళ్లాక అన్న నాకు ఫోన్ చేశాడు. "నలుగుర్లో పరువు తీసినావు కదమ్మే."

"నేను తీయల్యా. అక్క మాట్లాడింది, నేను చెప్పినా, అంతే. నీకు అర్థమై ఉంటే నాతో పనేముండాది?"

ఆ తర్వాత అన్న నాతో మాట్లాడటం లేదు. ట్యాబ్ అక్క గదికి చేరింది. దాని లాకు నంబరు ఆమెకే తెలుసు. వదినకు సీరియల్ కావాలంటే అక్క ఎదురుగా నిలబడి చేతుల్తో అడగాలి. అడుగుతోందట, మొదట్లో తప్పులు పోయేవట, ఇప్పుడు ఫరవాలేదట. సిగ్నల్ పోయినప్పుడు అక్క చేతులు గాల్లోనే బిగుసుకుపోతాయి, అప్పుడు నేను టవర్‌ను తిడతాను.

అన్న ఆ గది ముందు నుంచి పోతూ మా చేతుల వైపు చూస్తాడట. చూడనీ, కోపం తగ్గించుకో, అంటుంది అక్క. నాకు ఇంకొన్నాళ్లు కావాలని చెప్పాను.