పదహారో ఎత్తు దగ్గర ఊదిన విజిల్

నేను గెలవబోతున్న ఆటను డ్రా అని రాశారు. నా దగ్గర రాజూ ఏనుగూ ఉన్నాయి. ఎదుటివాడి దగ్గర ఒంటి రాజు తప్ప ఒక్క బంటు కూడా లేదు. ఆ రాజు కూడా బల్ల మూలకు పోయి ఇరుక్కున్నాడు. అలాంటి స్థితిలో అంపైరు విజిల్ ఊది, ఇద్దరికీ చెరో అర పాయింటు రాసి, లేవమన్నాడు.

ఇది రెండేళ్ల కిందట నస్పూర్‌లో, రిటైరైన కార్మికులు పేపర్లు చదువుకునే హాల్లో జరిగింది. అరవై దాటినవాళ్లకు చదరంగం పోటీ. గోడకు ఒక కాగితం అంటించారు: "అంతర్జాతీయ నియమాలు వర్తించును." దాన్ని నేను రెండుసార్లు చదివాను. మిగతావాళ్లెవరూ ఒక్కసారి కూడా చదవలేదని తర్వాత తెలిసింది.

ఎదుట కూర్చున్నది మా టైలర్ మాస్టర్. నేను బొగ్గుబావి ల్యాంపు రూములో పనిచేసినన్నాళ్లూ డ్యూటీ దిగి నేరుగా అతని దుకాణానికే పోయేవాణ్ణి. కుట్టుమిషన్ పక్కన స్టూలు మీద బల్ల పెట్టుకుని ఆడుకునేవాళ్లం. ముప్పై ఏళ్లలో అతని మీద నేను ఒక్క ఆట కూడా గెలవలేదు. ఓడిపోయేవాణ్ణి, లేదా డ్రా. నాకు గెలుపు దగ్గరపడిందంటే ఎవరో ఒక గిరాకీ వచ్చేది. మాస్టర్ టేపు మెడలో వేసుకుని లేచేవాడు. కొలతలు తీసుకుని వచ్చి, జాకెట్టు గుడ్డ తెచ్చి సరిగ్గా బల్ల మీదే పరిచేవాడు. గుడ్డ తీసేసరికి పావులన్నీ పడిపోయి ఉండేవి. అలాంటివి కూడా అతను డ్రాల కిందే జమకట్టాడు.

నేను ఐదో తరగతితో బడి మానినవాణ్ణి. చదరంగం మాత్రం పుస్తకం చూసి నేర్చుకున్నాను. కరీంనగర్ బస్టాండు బయట పాత పుస్తకాల కుప్పలో దొరికిన ఇంగ్లీషు పుస్తకం అది. పక్కన డిక్షనరీ పెట్టుకుని పేజీకి ఒక వారం చొప్పున చదివాను. అందుకే ఇవాళ్టికీ బ్యాంకులో ఫారం నింపలేను గానీ, డ్రాలు ఎన్ని రకాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. అందులో ఒకటి యాభై ఎత్తుల నియమం. బంటు కదలకుండా, ఏ పావూ చావకుండా ఇద్దరూ చెరి యాభై ఎత్తులు ఆడితే అప్పుడు డ్రా అడగొచ్చు. యాభై. అంతకు ఒక్కటి తక్కువైనా కుదరదు.

మా వైపు మాత్రం వేరే రివాజు. ఒకడికి ఒంటి రాజు మిగిలితే, అవతలివాడు పదహారు ఎత్తుల్లో ఆట ముగించాలి, లేకపోతే డ్రా. పదహారే ఎందుకంటే పావులు పదహారు కదా అంటారు. బోథ్‌లో మా మేనల్లుడి అత్తగారింట్లో అడిగితే ఇరవై ఒకటి అన్నారు. వేములవాడలో సత్రం అరుగు మీద ఆడుతున్న ఇద్దరిని అడిగాను. మిగిలిన పావులను బట్టి లెక్క అని ఒకాయన, దర్శనం లైన్లోకి పిలిచేదాకా అని రెండో ఆయన చెప్పారు.

ఆ రోజు మాస్టర్ చివరి బంటును నేను కొట్టగానే హాలంతా మా బల్ల చుట్టూ మూగింది. నేను కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకున్నాను. ముప్పై ఏళ్ల తర్వాత మొదటిసారి గెలవబోతున్నాను, పైగా అక్కడ పరచడానికి గుడ్డ కూడా లేదు.

"ఒకటి!" అన్నాడు మాస్టర్.

"ఏందది?"

"లెక్కవెడుతున్న భాయ్. నీది నువ్వు ఆడు."

"గోడ మీద ఏం రాసిండ్రో సూడు మాస్టర్. పదహారు లేదు, గిదహారు లేదు. యాభై!"

"యాభయ్యా? గప్పటిదాంక మనిద్దరం బతికుంటమా?"

అందరూ నవ్వారు. ఎత్తు ఆలోచిస్తున్నవాడి నెత్తి మీద నిలబడి నవ్వడం ఏ దేశంలోనూ మర్యాద కాదు. సరే, సహించాను. డ్రా అడగడానికి కూడా ఒక పద్ధతి ఉంది. తన ఎత్తు తను ఆడి, ఒక్కసారి అడగాలి. కాదంటే ఊరుకోవాలి. మాస్టర్ ప్రతి ఎత్తుకూ అడిగాడు, అదీ నా వంతులో.

"డ్రా జేస్కుందామా భాయ్?"

"జేస్కోను."

అయిదో ఎత్తు దగ్గర, "చాయ్ సల్లగైతుంది భాయ్, డ్రా జేస్కుందాం."

తొమ్మిదో ఎత్తు దగ్గర, "నీకు బీపీ ఉంది, జర సోంచాయించు. పరేషాన్ గాకు. డ్రా."

ఇక ఓర్చుకోలేక అంపైరును పిలిచాను. ఆయన బడిలో డ్రిల్లు నేర్పి రిటైరైన సారు. ఆయన రిటైరైనా ఆయన మెడలో విజిల్ ఇంకా సర్వీసులోనే ఉంది.

"సారూ, గీయన మాటిమాటికి డ్రా అడుగుతుండు."

"అడిగితే ఏమైతది? నువ్వు ఇయ్యకు."

"అడుగుడే తప్పు సారూ!"

"అరే, మనిషన్నంక ఏదో ఒకటి అడుగుతడు. నువ్వు ఆడు."

అప్పటికే హాలంతా కోరస్‌గా లెక్కపెడుతోంది. పన్నెండు, పదమూడు. డ్రిల్లు సారు కూడా చెయ్యి పైకీ కిందికీ ఊపుతూ వాళ్లతో గొంతు కలిపాడు. నేను ఆ రాజును గడి గడికీ తరుముతూ మూలకు తెచ్చాను. పదహారు అన్నారు. విజిల్ మోగింది.

"ఇగ లేవుండ్రి. టైమైపోయింది."

"టైమేంది సారూ? గడియారమే పెట్టకపోతిరి!"

మాస్టర్ నవ్వుతూ చెయ్యి చాపాడు. ఆట ముగిశాక చెయ్యి కలపడం మర్యాద. ఆట ముగియలేదు కాబట్టి నేను కలపలేదు.

ఇంటికి వస్తే మా ఇంటామె గుమ్మంలోనే అడిగింది.

"గెలిచినవా?"

"గెలిచిన."

"మరి మొఖం గట్లున్నదేంది?"

"డ్రా అని రాసిండ్రు."

"అయితే గెల్వలే."

"విజిల్ ఊదకపోతే గెలిచేటోన్ని."

"మా బాపు సదివిపిస్తే నేను గూడ కలెక్టర్ అయ్యేదాన్ని. కాళ్లు కడుక్కో, బువ్వ పెడ్త."

డ్రిల్లు సారుకు రెండు ఉత్తరాలు రాశాను. నియమాన్ని తెలుగులోకి మార్చి, కింద గీత గీసి మరీ రాశాను. జవాబు లేదు. కూరగాయల మార్కెట్లో ఎదురుపడి అడిగితే, "ఇంక గదేనా? జర వంకాయలు జూడనియ్యవయ్యా" అన్నాడు.

చివరికి మాస్టరే ఒక దారి చెప్పాడు. "పెద్దోళ్ల కాడికెళ్లి కాయితం తే భాయ్. నువ్వు గెల్చినట్టని దాంట్ల ఉంటే, గదే హాల్ల అందరి ముంగట నిలబడి ఓడిన అని నేనే చెప్త. ఖుదా కసమ్."

ఆ మాటతో నాకు ప్రాణం లేచి వచ్చింది. కరీంనగర్‌లో పెద్ద పెద్ద పోటీలకు తీర్పరిగా పనిచేసిన ఒకాయన ఉన్నాడని తెలుసుకుని, నాలుగు పేజీల ఉత్తరం రాశాను. పదహారు ఎత్తులూ వరసగా రాసి పెట్టాను. నా పట్టు ఎంత గట్టిగా ఉందో ఆయనకు తెలియాలని, విజిల్ పడకపోతే నేను ఆడబోయే పదిహేడో ఎత్తును కూడా బొమ్మ గీసి, ఎర్ర సిరాతో బాణం గుర్తు వేసి జతచేశాను. దాన్ని ఎవరూ అడగలేదు. నేనే చేశాను. ఒక్క మాట ఇక్కడే చెప్పాలి: కాగితం మీద పడే తొందర, బల్ల ముందు కూర్చున్నప్పుడు పడం.

మూడు నెలలు జవాబు రాలేదు. ఇంకో ఉత్తరం రాశాను. ఆ తర్వాత కవరు వచ్చింది. దాన్ని ఇంట్లో విప్పలేదు. నేరుగా మాస్టర్ దుకాణానికి తీసుకుపోయి, అతని ఎదుటే చింపాను. ఇద్దరు గిరాకీలు ఉన్నారు. ఉండనీ, సాక్షులు కావాలి కదా అనుకున్నాను.

మాస్టర్ మిషన్ ఆపి, "సదువు భాయ్, జర గట్టిగ సదువు" అన్నాడు.

గట్టిగానే మొదలుపెట్టాను. మొదటి మూడు వాక్యాలకు మాస్టర్ ముఖం చిన్నబోయింది. నేను ఆగి, ఆ ముఖాన్ని కాసేపు తృప్తిగా చూశాను కూడా. మొదలుపెట్టిన ఉత్తరాన్ని నలుగురి ముందు మధ్యలో మడిచి జేబులో పెట్టుకోవడం మర్యాద కాదు. అందుకని చివరిదాకా చదివాను:

"అయ్యా, నియమం గురించి మీరు రాసింది అక్షరాలా నిజం. పదహారు ఎత్తుల లెక్క ఏ నియమావళిలోనూ లేదు. ఆటను మధ్యలో ఆపడం అంపైరు తప్పు, ప్రతి ఎత్తుకూ డ్రా అడగడం మీ ప్రత్యర్థి తప్పు. అయితే మీరు ఎర్ర సిరాతో గీసి పంపిన పదిహేడో ఎత్తును నేను బల్ల మీద పెట్టి చూశాను. మీ ఏనుగు ఆ గడిలోకి వస్తే ఎదుటి రాజుకు చెక్ లేదు, కదలడానికి గడీ లేదు. అలాంటప్పుడు ఆట అక్కడికక్కడే డ్రా అవుతుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. ఏనుగును ముట్టకుండా మీ రాజును ఒక్క గడి ముందుకు జరిపి ఉంటే, ఆ మరుసటి ఎత్తుకే గెలిచేవారు. కాబట్టి పదహారు దగ్గర ఆగినా, పదిహేడు దగ్గర ఆగినా మీకు వచ్చేది అర పాయింటే."