జేబులత్త

ఆ పిల్లల బడి మొదటి అంతస్తులో ఉండేది. కింద టైర్ల దుకాణం, పైన బడి, కిటికీలన్నిటికీ ఇనుప జాలీ. ఆమె అక్కడ పదకొండేళ్లుగా ఆయా. పొద్దున్నే మెట్ల దగ్గర నిలబడి పిల్లల జేబులు తడిమి చూసేది ఆమే కాబట్టి పిల్లలు జేబులత్త అని పిలిచేవారు. ఒకప్పుడు ఎవడో గింజ ముక్కులో దూర్చుకుంటే నానా గొడవ అయింది. అప్పటినుంచి బయటి వస్తువేదీ లోపలికి రాకూడదని బడి నడిపే మేడమ్ ఆజ్ఞ. రాళ్లు, ఈకలు, ఎండుటాకులు, నత్తగుల్లలు, అన్నీ బకెట్లో పడేవి.

మానేద్దామని ఆమె చాలాసార్లు అనుకుంది. కానీ మెట్ల కింది గది ఆ ఉద్యోగంతో వచ్చినది. నడుము దెబ్బతిని మంచం పట్టిన భర్త ఆ గదిలోనే ఉన్నాడు. ఉద్యోగం పోతే గదీ పోతుంది. ఆమె లోకమంతా ఆ ఇరవై రెండు మెట్లలో ఇరుక్కుపోయింది.

ఒకరోజు నాలుగేళ్ల పిల్ల ఒకతి గౌను జేబులోంచి నల్లరాయి తీసి, ఆమె చేతిలో పెడుతూ అడిగింది.

"అత్తా, మా దగ్గర తీసుకున్నవన్నీ ఎక్కడ దాచావు?"

పారేశానని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. ఉన్నాయిలే అంది. చూపించమంది పిల్ల.

ఆ మాట కోసమే ఆ రోజు బకెట్లోవి ఒక బిస్కెట్ల డబ్బాలోకి చేరాయి. టీచరు భోజనానికి వెళ్లే అరగంటా పిల్లలు ఆమె చుట్టూ మూగసాగారు. రాయిని తడిపితే రంగెందుకు మారిందని ఒకడు అడిగాడు. ఆరాక ఆ రంగు ఎటు పోయిందని ఆ పిల్ల అడిగింది. ఆమెకు ఒక్కదానికీ జవాబు తెలియదు.

"ఏమో తల్లీ, మళ్లీ తడిపి చూద్దాం," అనేది.

పిల్లలతోపాటు తనూ రాయి మీదికి వంగి, తడి ఆరిపోయేదాకా కళ్లప్పగించి చూసేది. ఆ అరగంటలో మంచమూ మందులూ గుర్తొచ్చేవి కావు.

తొమ్మిదో రోజు మేడమ్ కెమెరాలో చూసి పిలిపించింది. అరవలేదు, కూర్చోమని కుర్చీ కూడా చూపించింది. మళ్లీ ఏదైనా జరిగితే బడి మూసుకోవాల్సిందేనని చెప్పింది.

"మీరు ఆ గదిలోనే ఉండాలని నాకూ ఉంది. ఆలోచించుకోండి."

ఆలోచించడానికి ఏముంది? ఆమె డబ్బాను వీధి చెత్తకుండీలో బోర్లించి వచ్చింది. ఎక్కడికెళ్లావని భర్త అడిగితే చెత్త పారేయడానికని చెప్పింది.

మర్నాడు డబ్బా ఏదని ఆ పిల్ల అడిగింది. మేడమ్ వద్దన్నారని చెప్పింది ఆమె. పిల్ల ఏడవలేదు. తెచ్చిన ఈకను తనే బకెట్లో వేసి లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ గౌను జేబు ఎప్పుడు తడిమినా ఖాళీగానే ఉండేది.

నెల తిరిగాక పిల్ల తల్లి మెట్ల దగ్గర ఆగింది.

"మీ పుణ్యమా అని ఇప్పుడు దారిలో ఎక్కడా ఆగట్లేదండీ. ఏదీ ఏరట్లేదు. టైముకి వచ్చేస్తున్నాం."

"మంచిదేనమ్మా," అంది ఆమె.

తర్వాతి జేబు తడమడానికి వంగింది. వరుసలో వెనకున్న పిల్లాడు అప్పటికే రెండు జేబులూ బయటికి లాగిపెట్టుకుని నిలబడ్డాడు.