నూలుపోగుల వెనక చెయ్యి

మొన్న మనవరాలు ఫోనులో ఒక చిన్న సినిమా చూపించింది. కథ లేదు, మాటల్లేవు, చెరువులో తేలే మంచం మీద ఒక గుర్రం నిలబడి ఉంటుంది. ఇలాంటివి ఇప్పుడే వస్తున్నాయని అది అనేసరికి నాకు రోషం వచ్చి, నువ్వు పుట్టకముందే ఎమ్మిగనూరులో నేను ఇలాంటిది అరగంట సినిమా తీశాననీ, దాన్ని చూసి ఆదోని అంతా అట్టుడికిపోయిందనీ చెప్పేశాను.

మీరు నా ఈడువాళ్ళు కాబట్టి నిజం చెప్పుకోవచ్చు. అరగంట కాదు, మూడు నిమిషాలు. ఆదోని అంతా కాదు, మా వసారాలో పరిచిన జంపఖానా మీద పట్టినంత మంది. కెమెరా కూడా ఆదోనిలో ఫోటో స్టూడియో పెట్టిన నా స్నేహితుడిది. డెబ్బైల చివర్లో వాడు పెళ్ళిళ్ళు తీయగా రీళ్ళ చివర మిగిలిన ముక్కలతో ఇద్దరం కలిసి తీసి, బొంబాయికి పంపి కడిగించాం.

మా సినిమాలో ఉన్నవి రెండే, పుట్టుక, కోరిక. పుట్టుకను ఆదోనిలో పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో తీశాం. పత్తి కుప్పలోంచి ముందు నా స్నేహితుడి తల, తర్వాత భుజాలు బయటికి వస్తాయి. దూది ముక్కులో దూరి వాడు తుమ్మిన తుమ్ములు, మూగ సినిమా కదా, తెర మీద పసిబిడ్డ ఏడుపులాగే కనిపించాయి.

కోరికకు ఆడమనిషి కావాలి. ఎవరూ రారని తెలిసి, పెళ్ళయి ఏడాదైనా నిండని నా భార్య తనే చేస్తానంది. ఇంటెడు చాకిరీలో ఆమెకు తీరిక దొరికేది నెలకు మూడు రోజులు, పెరటి గదిలో బయట కూర్చున్నప్పుడే. అప్పుడు అటు ఎవరూ తొంగిచూడరు. మాది మగ్గం ఇల్లు, ఆ మూడు రోజుల్లో ఆడవాళ్ళు నూలు ముట్టుకుంటే మా అమ్మ ఊరుకునేది కాదు. మేము ఆ గది వాకిలికే పడుగులా నూలుపోగులు బిగించి కట్టాం. చీకట్లోంచి గాజుల చెయ్యి ఒకటి వచ్చి, పోగులను మెల్లగా నిమిరి, విడదీసి, వెలుతురులోకి చాచుకుంటుంది. బయటపడితే ఆమెను పుట్టింటికి పంపేస్తారని మా ముగ్గురికీ తెలుసు.

చెయ్యి ఒక్కటే కదా, ఎవరూ పోల్చలేరనుకుని వసారాలో సినిమా వేశాం. తెర మీద ఆ చెయ్యి రాగానే మా అమ్మ, “ఆ గాజులు ఎవురివి?” అంది. నేను గోడకేసి చూశాను. వెనక నుంచి నా భార్య, “నావే అత్తా. సెయ్యి గూడా నాదే” అంది.

అమ్మ లేచి లోపలికి పోయింది. ఎవరినీ ఎక్కడికీ పంపలేదు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ బయట కూర్చోలేదు. ఆ గదిలో ఇప్పుడు మనవరాలి స్కూటీ ఉంటుంది, అదెందుకు కట్టిన గదో దానికి తెలియదు. ఇప్పటి సినిమాలను ఊళ్ళకు ఊళ్ళే చూస్తాయి గానీ, చూసి ఒక్క ఇంటి ఆచారమైనా మారుతోందా? నా మూడు నిమిషాలు మార్చాయి.

ఇంతవరకు రాసి నా భార్యకు చదివి వినిపించాను.

“సినిమా సూసి ఎవురు మారినారప్పా? మళ్ళా నెల గూడా మీయమ్మ ఆ గదిలోనే సాప ఏసింది. నేనే దాన్ని సుట్టి సంకన బెట్టుకోని ఇంట్లోకొచ్చి కూసున్నా. నువ్వు ఆ పొద్దు ఇంట్లోనే లేవు.”