అద్దంలో కనబడే చోటు

కారు వెనక ఉండే ఇనుప గుండు, హిచ్ బాల్, మీద ట్రైలర్ ముక్కు కూర్చున్నప్పుడు వచ్చే శబ్దం ఒకటుంది. ఇనుము మీదికి ఇనుము దిగి, గొళ్ళెం పడి, టక్కుమంటుంది. ఈ ఉదయం వంటింట్లో కాఫీ కలుపుకుంటుంటే కిటికీలోంచి ఆ శబ్దం, దాని వెంటే గ్రీజు వాసన వచ్చాయి. మా అమ్మాయి మేఘన తన సామానంతా చిన్న ట్రైలర్‌లో సర్ది, దాన్ని మా చిన్న కారు వెనక తగిలిస్తోంది. కింగ్‌స్టన్‌లో కాలేజీలో చేరబోతోంది. మేముంటున్న ఊరు కనాటా నుంచి మరీ దూరమేమీ కాదు. నేనూ వస్తానంటే వద్దంది, తనే వెళ్ళి సామాను దించుకుని శనివారం కారు తెచ్చిస్తానంది. వాళ్ళ నాన్న పోయాక మా గడప నుంచి మొదలవుతున్న మొదటి పెద్ద ప్రయాణం ఇది. అయినా కాఫీ గ్లాసు పట్టుకుని నేను తలుచుకున్నది ఆయన్ని కాదు, రాజ్యలక్ష్మి ఆంటీని. ఆ ట్రైలర్ ఆమెది.

ఈ దేశం వచ్చిన కొత్తలో మేము విన్నిపెగ్‌లో ఉండేవాళ్ళం. వరసగా అతికించి కట్టిన ఇళ్ళలో మాది ఒకటి, పక్కది ఆంటీది. ఒంగోలు వైపు మనిషి. భర్తతో పాటు ఎప్పుడో వచ్చి స్థిరపడ్డారు, పిల్లల్లేరు. ఊరి బయట కొంచెం నేల అద్దెకు తీసుకుని ఇద్దరూ గోంగూర, సొర, బీర పండించేవారట. కాయగూరలు తెచ్చుకోవడానికే ఆ ట్రైలర్ కొన్నారట. ఆయన పోయాక అందరూ అమ్మెయ్యమన్నారు. ఆమె వినలేదు. ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉండే ఓ పార్కింగ్ స్థలానికి వెళ్ళి, పచ్చడి డబ్బాలను అడ్డంగా పెట్టుకుని, వాటి మధ్య నుంచి ట్రైలర్‌ను వెనక్కి నడపడం తనంతట తానే నేర్చుకున్నారు. నవ్వు తక్కువ, మాట కరుకు. గోంగూర ఇచ్చినా తిట్టినట్టే ఇచ్చేవారు. మొదట్లో నాకామె అంటే భయం, కొంచెం కోపం కూడా.

ఆ కోపానికి కారణముంది. నేను ఎప్పుడు ముస్తాబై బయటికి వచ్చినా, అప్పటిదాకా గుమ్మంలో నిలబడి ఉన్న మనిషి గభాల్న లోపలికి వెళ్ళి తలుపేసుకునేవారు. మామూలు రోజుల్లో పలకరించేవారు. ఇంటర్వ్యూ ఉన్న రోజునో, పాపను ఆస్పత్రికి తీసుకెళ్ళే రోజునో మాత్రం తలుపు పడేది. ఇంతకీ నేనేం చేశానని? ఒకరోజు ఉండబట్టలేక తలుపు కొట్టి అడిగేశాను.

"నేను బయటికి పోతున్నానంటే చాలు, తలుపేసుకుంటరేంది ఆంటీ? నా ముఖం చూడబుద్ధి గాదా?"

ఆమె తలుపు ఇంకాస్త తెరిచారు. "నీ ముఖం కాదమ్మాయ్. నా ముఖం నువ్వు చూడకూడదని."

నాకు అప్పుడు అర్థమైంది. భర్త పోయిన ఆడవాళ్ళు ప్రయాణానికి ఎదురు రాకూడదన్న పాత మాట. మంచులోకి, ఇంత దూరం వచ్చాక కూడానా అనిపించి, "మీరు ఇవన్నీ నమ్ముతరా?" అన్నాను.

"నేను నమ్మను. నువ్వూ నమ్మవు. కానీ దారిలో ఏదన్నా అయిందనుకో, అప్పుడు గుర్తొస్తా. పొద్దున్నే ఎవరు ఎదురొచ్చారా అని మనసు ఎతుకుద్ది. ఒకసారి పడ్డా ఆ మాట, మళ్ళీ పడలేను."

ఎవరన్నారో, ఎప్పుడన్నారో చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ రోజు నుంచి ఆమె కరుకుదనం నాకు కరుకుగా వినబడలేదు.

మా ఆయనకు కనాటాలో ఉద్యోగం వచ్చి ముందుగా వెళ్ళిపోయారు. కొత్తలో సెలవు దొరకదని, సామానంతా ఎవరికైనా ఇచ్చేసి పాపతో ఫ్లైట్ ఎక్కి వచ్చెయ్యమన్నారు. నా గ్రైండర్, నా గిన్నెలు, పాప చెక్క మంచం, అన్నీ పారేసి రావాలంటే ప్రాణం ఒప్పలేదు. ఆ సంగతి చెప్పుకుని ఏడుస్తుంటే ఆంటీ విసుక్కున్నారు. "ఏడుపెందుకు? నీకు కారుంది, నాకు ట్రైలరుంది. తోలుకుపో." అప్పటికి నాకు లైసెన్స్ వచ్చి ఏడాది కూడా కాలేదు. అయిదేళ్ళ పిల్లతో మూడు రోజుల దారి. మా ఆయన ఫోన్‌లో మూడు రకాలుగా వద్దన్నారు. నేను మొండికేశాను. ఆ మొండితనం నాది కాదు, ఆమె దగ్గర అంటుకున్నది.

ఆ వసంతమంతా ఆదివారాలు పాఠాలే. ముందుకు పోవడం ఎవరికైనా వస్తుంది, వెనక్కి పోవడమే విద్య. నేను కుడికి తిప్పితే ట్రైలర్ ఎడమకు పోయేది. ఆంటీ వెనకాల నిలబడి అరిచేవారు.

"చెయ్యి స్టీరింగ్ కింది అంచున పెట్టు. ట్రైలర్ ఎటు పోవాలో చెయ్యి అటు జరుపు. ఎక్కువ తిప్పమాక!"

తిరిగి తిరిగి ట్రైలర్ కారు మీదికి మడత పడేది, మళ్ళీ ముందుకు పోయి మొదలుపెట్టేదాన్ని. ఆమె ఒకే మాట ప్రతిసారీ చెప్పేవారు. "పక్క అద్దంలో నేను కనబడుతున్నంతసేపే కదులు. కనబడకపోయానా, ఆగు. ఏమైందో ఎందుకో ఆలోచించమాక. ముందు ఆగు." ఇంకో మాట కూడా ఉంది. "రోడ్డు మీద ఒకోసారి ట్రైలర్ అటూ ఇటూ ఊగుద్ది. భయపడి బ్రేక్ తొక్కావో, వెనకున్నదే నిన్ను పక్కకి నెట్టేస్తది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని ఓపిక పట్టు. దానంతటదే సర్దుకుంటది."

ప్రయాణానికి ముందు రోజు నేనే సామాను సర్దాను, శ్రద్ధగా. కొత్త ఇంట్లో ముందుగా దేవుడి పటాలు, బియ్యం, ఉప్పు, పసుపు, పాలు కాచే గిన్నె లోపలికి పోవాలి కదా. ముందు దించాల్సినవి చివర ఎక్కిస్తే సులువని, బియ్యం బస్తాలు, వాటి పక్కన గ్రైండర్, వాటి మీద పటాలు ట్రైలర్ తోకలో పెట్టి తాళ్ళు కట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆంటీ వచ్చి చూసి నడుం మీద చెయ్యి పెట్టుకున్నారు.

"బరువంతా తోకలో పెట్టావే! ఊగకేం చేస్తది? దించు."

"కొత్తింట్లకు ముందు దేవుడు పోవాల్నని..."

"దేవుడు నీ పక్క సీట్లో కూచుంటాడు. గ్రైండర్ కూచోదు."

అంతా దించాం. గ్రైండర్, బస్తాలు చక్రాలకు కాస్త ముందుగా, కారు వైపు చేరాయి. తేలిక సామాను వెనక్కి పోయింది. పటాలు ముందు సీట్లోకి, ఉప్పు పసుపు పాప కాళ్ళ దగ్గరికి వచ్చాయి. మంచం మాత్రం ఈ కారు లాగలేదని ఆమె ఖరాఖండిగా చెప్పారు, వదిలేశాను.

తెల్లారాక కారుకూ ట్రైలర్‌కూ మధ్య గొలుసులు, లైట్లు అన్నీ ఆమే చూశారు. వెనక నిలబడి "బ్రేక్, ఎడమ, కుడి" అంటూ ఒక్కొక్కటీ వెలిగించమన్నారు. పాపను దగ్గరికి తీసుకుని తల నిమిరారు. నేను స్టీరింగ్ ముందు కూర్చునేసరికి పక్క అద్దంలో ఆమె వెనక్కి వెనక్కి జరిగి, తన గుమ్మం వైపు పోతున్నారు. సందు చివర ఎవరిదో పెద్ద వ్యాన్ అడ్డంగా ఆపి ఉంది. రోడ్డు మీద ఏం వస్తోందో నాకు కనబడదు. ఎవరైనా ముందుకు వెళ్ళి చూసి చెప్పాలి. అక్కడ ఆమె తప్ప ఇంకెవరూ లేరు.

"ఆంటీ, ముందుకొచ్చి రోడ్డు చూడరా?"

"నువ్వే మెల్లగా చూసుకుని పో తల్లీ." ఆమె నన్ను తల్లీ అనడం అదే మొదలు.

"కనబడకపోతే ఆగమన్నది మీరే. మీరు కనబడుతలేరు. ఆగిన."

ఇంజన్ కూడా ఆపేశాను. ఆమె చాలాసేపు గుమ్మం దగ్గరే ఉండిపోయారు. తర్వాత శాలువా భుజాల మీదికి లాక్కుని, కారు పక్కగా తలొంచుకుని నడిచి, వ్యాన్ దాటి, రోడ్డు అటూ ఇటూ చూసి, నాకేసి తిరిగారు. ఎదురుగా. కళ్ళు తుడుచుకోకుండానే చెయ్యెత్తి, "రా" అన్నారు.

సుపీరియర్ సరస్సు పక్క కొండ దిగుతున్నప్పుడు ఓ పెద్ద లారీ మమ్మల్ని దాటింది. ఆ గాలికి ట్రైలర్ ఊగడం మొదలుపెట్టింది. స్టీరింగ్ నా చేతుల్లో కొట్టుకుంటోంది. వెనక సీట్లో పాప "అమ్మా" అంది. నా కాలు బ్రేక్ మీదికి పోయింది, పోయి ఆగింది. పిల్ల ప్రాణం సంగతి సరే, నాకు ఇంకోటి కూడా తట్టింది. ఇప్పుడు మాకేదైనా అయితే, బయల్దేరేటప్పుడు ఎదురొచ్చిందెవరని అడుగుతారు. చెప్పేవాళ్ళు చెబుతారు. ఆమె ఆ మాట మళ్ళీ పడతారు, నేను పిలిచినందుకు. కాలు తీసేశాను. స్టీరింగ్ తిన్నగా పట్టుకున్నాను. ట్రైలర్ ఇంకా ఊగింది, తగ్గింది, మెల్లగా మా వెనకే నడిచింది. రోడ్డు పక్క చోటు దొరకగానే ఆపి, దేవుడి పటాల పక్కన తల వాల్చి ఏడ్చాను.

కనాటా చేరగానే, పాలు పొంగించకముందే ఆంటీకి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తారు.

"చేరినం ఆంటీ."

"దారిలో ఏం కాలేదుగా?" అన్నారు. ఆ గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు.

"ఏం కాలేదు ఆంటీ. మంచిగొచ్చినం."

ఊగిన సంగతి ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. ట్రైలర్ తిరిగి పంపుతానంటే నీ దగ్గరే ఉంచుకోమన్నారు. ఆ తర్వాత కొన్నేళ్ళకు, ఓ చలికాలంలో ఆమె పోయారు. మంచు తుఫానుకు విమానాలు ఆగిపోయి నేను చేరుకోలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది. మేఘనకు ట్రైలర్ నడపడం నేర్పినప్పుడు ఆంటీ మాటలే చెప్పాను, ఆమె యాసలోనే.

ఈ ఉదయం మేఘన నా కాళ్ళకు దణ్ణం పెట్టి, కారెక్కింది. పక్కింటి వాళ్ళ చెట్ల కంచె వల్ల మా ఇంటి ముందు రోడ్డు సరిగా కనబడదు. కారు స్టార్టయింది, కదల్లేదు. హారన్ మోగింది. ఎందుకు పోవడం లేదా అని చూద్దును కదా, నేను గుమ్మంలో లేను. తలుపు వెనక ఉన్నాను. గొళ్ళెం మీద చెయ్యి ఉంది. ఎప్పుడు తప్పుకున్నానో నాకే తెలియదు. ఆంటీ ఆ తలుపు వెనక ఎన్నేళ్ళు నిలబడ్డారో అప్పుడు తెలిసింది.

మేఘన అద్దం దించి అరిచింది. "అమ్మా, స్టాండ్ వేర్ ఐ కెన్ సీ యూ!"

తనకు కనబడే చోట నిలబడమంటోంది. నేను నేర్పిందే. చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగాను. కారు ముందు నుంచి నడిచి, కంచె దాటి, రోడ్డు అటూ ఇటూ చూశాను. నా బిడ్డకు ఎదురుగా తిరిగి, చెయ్యెత్తి, "రా" అన్నాను.